నా అనుభవం: రిపోర్టులో ఎర్రగా ఉన్నవన్నీ అలర్జీలు కావు

వంకాయ, గోంగూర, టమాటా, శనగపప్పు, కోడిగుడ్డు, పాలు, గోధుమ, రొయ్యలు. ఇవేవీ నాకు పడవని ఒక ల్యాబ్ వాళ్లు తేల్చేశారు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లి, నున్నటి కాగితాల మీద మూడు రంగుల్లో రిపోర్టు పంపారు. ఆకుపచ్చవి తినొచ్చు, పసుపువి తగ్గించాలి, ఎర్రవి మానేయాలి. ఆకుపచ్చ జాబితాలో అవకాడో, సాల్మన్ చేప ఉన్నాయి. వైజాగ్‌లో మా ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో అవకాడో ఎక్కడ దొరుకుతుందని మావారు నవ్వారు గానీ, నేను మాత్రం ఆ జాబితాని ఫ్రిజ్ తలుపుకి అంటించి, నిష్ఠగా పాటించాను.

నా బాధ తుమ్ములు. తెల్లారి కళ్లు తెరవకముందే మొదలవుతాయి. ముక్కులోంచి నీళ్లు, కళ్లలో దురద, అంగిట్లో దురద. రాత్రయితే ముక్కు బిగుసుకుపోయి నోటితో గాలి పీల్చుకోవాలి. నేను ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను కాబట్టి, పాత పుస్తకాల దుమ్మే కారణమని చూసిన ప్రతివాళ్లూ తీర్పు చెప్పేవారు. మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు. "ఏటమ్మా, ఈ రొంప నిన్ను ఒగ్గదా?" అని ఆవిడ బెంగ. ఎవరైనా గుమ్మం దాటబోతుంటే ఒంటి తుమ్ము వినబడిందా, ఆపి కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించి గానీ పంపరు. నా తుమ్ములు ఎప్పుడూ ఒంటిగా రావు కనుక శకునాల విషయంలో నా మీద ఫిర్యాదు లేదు.

జాబితా పాటించినన్నాళ్లూ బరువు తగ్గాను, జుట్టు రాలింది, తుమ్ములు మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు. చివరికి మా కొలీగ్ ఒకరు చెబితే అలర్జీలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ప్రైవేటుకి వెళ్లే స్తోమత లేనివాళ్లు వాల్తేరు వైపున్న ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో, ఛాతీ ఆసుపత్రికో, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కో వెళ్లొచ్చు. మొదటి దశలో కావలసింది ఓపికగా వినే డాక్టరు.

మేడమ్ నా రిపోర్టు పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు.

"తుమ్ములు ఏ వేళ ఎక్కువ?"

"పొద్దున్నే మేడమ్. మంచం మీదే మొదలవుతాయి."

"కాలేజీకి వెళ్లాక పెరుగుతాయా?"

ఈ కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. లైబ్రరీ తెరిచే వేళకి నిజానికి నెమ్మదిస్తాయి. పాత బైండింగులు దులిపిన రోజు తప్ప అక్కడ పెద్ద ఇబ్బంది ఉండదు.

"మరి ఆదివారం?"

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకుంటాను. లేచాక సాయంత్రం మళ్లీ ఇంకో విడత. ఊళ్లకి వెళ్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. వేసవిలో అనంతపురం మా అక్క వాళ్లింటికి వెళ్తే అక్కడున్నన్నాళ్లూ ముక్కు శుభ్రంగా ఉంటుంది. వైజాగ్ తిరిగొచ్చిన మర్నాడే మామూలే. అది విని ఆవిడ ఏదో రాసుకుని, అప్పుడు రిపోర్టు తీశారు.

"ఈ ఎర్రవాటిలో ఏది తిన్నాక, ఎంతసేపటికి, ఏమైందో చెప్పండి."

నా దగ్గర జవాబు లేదు. ఏదీ తిన్నాక ఏమీ కాలేదు.

ఆహార అలర్జీ అంటే సాధారణంగా తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు తెలిసిపోతుందట. నోట్లో దురద, ఒంటి మీద దద్దుర్లు, పెదాల వాపు, వాంతి, ఆయాసం, ఇలాంటివి. ఏడాది పొడుగునా ఉత్త తుమ్ములు మాత్రమే ఉంటే దానికి తిండి కారణం కావడం చాలా అరుదు. తర్వాత మేడమ్ రిపోర్టు మూలలో చిన్న అక్షరాలు చూపించారు. అక్కడ "ఐజీజీ" అని ఉంది. అది శరీరం రక్తంలో తయారుచేసుకునే ఒక రకం యాంటీబాడీ. అలర్జీకి చూడాల్సింది వేరే రకం, "ఐజీఈ". మనం ఏది తరచూ తింటామో దాని మీద శరీరం ఐజీజీ తయారుచేసుకోవడం మామూలే, అది రోగం గుర్తు కాదు. ఆహార అలర్జీ తేల్చడానికి ఈ పరీక్ష వాడొద్దని అమెరికా, ఐరోపా అలర్జీ డాక్టర్ల సంఘాలు ఎప్పుడో చెప్పాయి. మా ఇంట్లో వారంవారం వండే కూరలే ఎర్రగా, జన్మలో తినని అవకాడో ఆకుపచ్చగా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. డబ్బు పోయినందుకంటే అన్నాళ్లు గోంగూర లేకుండా బతికినందుకు ఎక్కువ కోపం వచ్చింది.

మాటల్లో మాటగా చేమదుంప సంగతి కూడా అడిగాను. అత్తయ్యకి చేమదుంప, కంద తింటే నోరు, గొంతు దురద. తనకి అలర్జీ అని ఆవిడ నమ్మకం. ఆ దుంపల్లో కాల్షియం ఆక్సలేట్ సన్నని సూదుల్లా ఉంటుంది, సరిగ్గా ఉడక్కపోతే ఎవరికైనా గుచ్చుకుంటుందని మేడమ్ అన్నారు. చింతపండు వేసి వండే అలవాటు మనవాళ్లకి ఊరికే రాలేదు.

నాకు చేయాల్సింది చర్మ పరీక్ష అన్నారు, స్కిన్ ప్రిక్ టెస్ట్. దానికి ముందు ఓ వారం పాటు అలర్జీ మాత్రలు ఆపాలి, లేకపోతే చర్మం స్పందించదు. సిట్రజిన్ ఒక్కటే కాదు, జలుబుకి తాగే సిరప్పుల్లో కూడా అదే రకం మందు ఉంటుంది. నిద్రకో నొప్పులకో వాడే అమిట్రిప్టిలిన్ లాంటివీ అడ్డొస్తాయి. వేసుకునే మందులన్నీ చెప్పాలి, అయితే డాక్టరు చెప్పకుండా ఏదీ ఆపకూడదు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే వాడేవాళ్లు మాత్రం దాన్ని ఆపక్కర్లేదన్నారు. ఆ వారం నరకం. రుమాళ్లు చాలక అత్తయ్య పాత నేత చీర చింపి ఇచ్చారు.

పరీక్ష గదిలో నర్సమ్మ ముంజేతి మీద పెన్నుతో వరసగా అంకెలు వేసింది. ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క: దుమ్ము పురుగులు రెండు రకాలు, బొద్దింక, పిల్లి, కుక్క, బూజులు, గడ్డి పుప్పొడి, సర్కారు తుమ్మ, సరుగుడు, వయ్యారిభామ, రొయ్య. వీటితో పాటు ఒక చుక్క హిస్టమిన్ (అలర్జీలో దురద, వాపు తెప్పించే పదార్థం), ఒక చుక్క ఉత్త ఉప్పునీరు. హిస్టమిన్ దగ్గర అందరికీ ఉబ్బాలి, ఉప్పునీటి దగ్గర ఎవరికీ ఉబ్బకూడదు. ఈ రెండూ సరిగ్గా వస్తేనే మిగతావి నమ్మాలి. ప్రతి చుక్కలోనూ కొత్త సూదిమొనతో చిన్నగా గుచ్చారు. రక్తం రాదు, నొప్పి లేదు. కష్టమంతా ఆ తర్వాత పావుగంట నుంచి ఇరవై నిమిషాలు గోకకుండా కూర్చోవడం. పక్కనే బల్ల మీద, రియాక్షన్ తీవ్రమైతే ఇచ్చే అడ్రినలిన్, ఆక్సిజన్ సిద్ధంగా ఉన్నాయి. అవి లేనిచోట ఈ పరీక్ష చేయించుకోవద్దని నా సలహా. ఆస్తమా అదుపులో లేనప్పుడు కూడా చేయరు.

దుమ్ము పురుగుల రెండు అంకెల దగ్గరా దోమ కుట్టినదానికి మూడింతలు దద్దు లేచింది. బొద్దింక దగ్గర చిన్నది, రొయ్య దగ్గర చిన్నది. మిగిలినచోట ఏమీ లేదు. మేడమ్ స్కేలు పెట్టి కొలిచారు. ఉప్పునీటి చుక్క కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటేనే పాజిటివ్ కింద లెక్క.

దుమ్ము పురుగంటే పుస్తకాల్లో పాకే పురుగు అనుకునేరు. ఇది కంటికి కనబడదు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, సాలీడు జాతిది. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దీని ఆహారం. పరుపు, తలగడ దీని ఊరు. నీళ్లు తాగదు, గాలిలో తేమని పీల్చుకునే బతుకుతుంది. తేమ 70, 80 శాతం ఉంటే దానికి పండగ, 50 శాతం కిందికి చాలాకాలం ఉంటే ఎండి చస్తుంది. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖకీ, ఎండలు మండే అనంతపురానికీ నా ముక్కు ఎందుకు తేడా చూపించిందో ఇదే వివరణ. ఇంటి దుమ్ములో అసలు దోషి ఈ పురుగేనని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హార్స్ట్ బృందం 1964లో తేల్చింది. మనకి పడనిది పురుగు కూడా కాదు, దాని విసర్జనలో ఉండే ప్రోటీన్. అది ముక్కులోకి పోగానే అక్కడ హిస్టమిన్ నిల్వ ఉంచుకునే మాస్ట్ కణాల మీద కాపలా ఉన్న ఐజీఈ దాన్ని పట్టుకుంటుంది, వెంటనే ఆ కణాలు హిస్టమిన్ చిమ్ముతాయి, ఆ హిస్టమిన్‌తోనే తుమ్ములూ దురదలూ.

అంటే దోషం లైబ్రరీది కాదు, నా పెళ్లికి అమ్మ కుట్టించిన బూరుగు దూది పరుపుది. అమ్మకి ఈ ముక్క ఇప్పటికీ చెప్పలేదు.

ఇంట్లో ఏం మార్చామో చెబుతాను. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో వాషింగ్ మెషీన్‌లో వేస్తున్నాం. పరుపుకీ తలగడలకీ దగ్గరి నేతతో, జిప్పు ఉన్న కవర్లు తొడిగాం. చీపురుతో ఊడ్చి దుమ్ము లేపడం తగ్గించి తడిగుడ్డ పెట్టిస్తున్నాను, ఆ వేళకి నేను గదిలో ఉండను. బాబు బొచ్చు బొమ్మల్ని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతుకుతున్నాం. చలికి పురుగు చస్తుంది, ఉతికితే దాని చెత్త పోతుంది. పరుపు మేడ మీద ఎండేస్తే చాలదా అని అత్తయ్య అడిగారు. ఎండకి పురుగులు చస్తాయి గానీ విసర్జన పరుపులోనే ఉంటుంది, కాబట్టి ఎండేశాక బాగా దులపాలి, ఆ దులిపేది నేను కాకూడదు. ఇక కవర్ల గురించి షాపువాళ్లు చెప్పేదంతా నమ్మక్కర్లేదు. పెద్దవాళ్లలో కవర్లు మాత్రమే వాడితే రోగలక్షణాల్లో తేడా లేదని 2003లో వచ్చిన పెద్ద పరిశోధనలు చెప్పాయి. అన్నీ కలిపి చేస్తే కొంత, మందుతో చేస్తే ఇంకొంత.

మందులకొస్తే, నేను అంతకుముందు మెడికల్ షాపులో అడిగి మాంటెలుకాస్ట్, లెవోసిట్రజిన్ కలిసిన మాత్ర నెలల తరబడి వేసుకునేదాన్ని. మనవాళ్లు జలుబు అంటే చాలు అదే ఇస్తారు. "పీడకలలు వస్తున్నాయా? చిరాకు ఎక్కువైందా?" అని మేడమ్ అడిగితే మావారు నాకంటే ముందు "వస్తున్నాయండీ, నిద్రలో అరుస్తోంది" అన్నారు. మాంటెలుకాస్ట్ వల్ల కొందరికి నిద్ర, మనసు దెబ్బతింటాయని, ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక ఇచ్చింది. ముక్కు అలర్జీకి వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది. నాకు ఆపేశారు. కలలు తగ్గాయి.

దాని బదులు ఫెక్సోఫెనడిన్ ఇచ్చారు, అవసరమైన రోజు మాత్రమే. నిద్రమత్తు దాదాపు ఉండదు. పాత రకం సీపీఎం, అవిల్ వేసుకుని హనుమంతవాక సిగ్నల్ దగ్గర స్కూటీ మీద కునుకు తీసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. ఒక్కటే షరతు, దీన్ని నీళ్లతోనే వేసుకోవాలి. బత్తాయి, ఆపిల్ లాంటి పండ్ల రసాలతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు.

అసలు మందు మాత్రం ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే మా ఇంట్లో టెన్షన్ మొదలైంది. ఫ్లూటికాసోన్ అయితే ఒక్కో నొక్కుకి 50 మైక్రోగ్రాములు, పని ముక్కులోనే, ఒంట్లోకి పోయేది అతి తక్కువ. అలర్జీ సీజన్‌కొక ఇంజక్షన్ అని కొన్నిచోట్ల తుంటికి పొడిచే స్టెరాయిడ్‌తో దీన్ని పోల్చకూడదు. భయపడాల్సింది దానికే, షుగరూ ఎముకలూ దెబ్బతింటాయి. స్ప్రే కొట్టుకునే పద్ధతి మేడమ్ దగ్గరుండి నేర్పారు. తల కొంచెం ముందుకి వంచాలి. ఎడమ ముక్కుకి కుడిచేత్తో, కుడి ముక్కుకి ఎడమచేత్తో. మొన ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపు చూడాలి, లేకపోతే గోడ పుండై రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి పోయి చేదు తగులుతుంది, మెల్లగా పీలిస్తే చాలు. రెండు పూటల్లో ఫలితం రాలేదని మానేసేవాళ్లే ఎక్కువట. పూర్తి గుణం కనబడటానికి రెండు వారాలు పట్టొచ్చు. నాకూ మొదటి వారం ఏమీ తెలియలేదు, తర్వాత ఒకరోజు రాత్రి నోరు మూసుకుని నిద్రపోయానని మావారే గమనించారు.

ముక్కు బిగిస్తే వేసుకునే జైలోమెటాజోలిన్ చుక్కల గురించి కూడా ఒక మాట. క్షణాల్లో తెరుచుకుంటుంది, అందుకే వదలబుద్ధి కాదు. ఐదు రోజులు దాటితే ఆ చుక్కల వల్లే ముక్కు మళ్లీ మళ్లీ బిగుసుకోవడం మొదలవుతుంది. మా కాలేజీలో ఒక లెక్చరరు గారి జేబులో ఆ సీసా లేనిరోజు లేదు.

ఇక రొయ్యలు. చర్మ పరీక్షలో వాటికి దద్దు లేచింది కదా, ఈసారి ఐజీఈయే కదా, మరి మానాల్సిందేనా? భీమిలి రోడ్డు మీదుగా వెళ్తే చాలు రొయ్యల వేపుడు వాసనకి తల తిరిగే మనిషిని నేను. మేడమ్ వివరణ విన్నాక అలర్జీ ఎంత తిరకాసు రోగమో తెలిసింది. రొయ్య కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంది. దాదాపు అలాంటిదే దుమ్ము పురుగులోనూ, బొద్దింకలోనూ ఉంది. పురుగు మీద తయారైన నా ఐజీఈ రొయ్యని కూడా అదే అనుకుని పట్టుకోవచ్చు. కొందరికి అలా నిజమైన అలర్జీయే వస్తుంది, కొందరికి పరీక్షలో మాత్రమే కనబడి ఊరుకుంటుంది. ఎవరు ఏ రకమో చెప్పేది తిన్నప్పటి చరిత్రే. జాబితా రాకముందు జీవితమంతా రొయ్యలు తిన్నాను, ఏనాడూ పెదవి కూడా దురద పెట్టలేదు. అయినా చాలాకాలం మానేశాను, పరీక్ష పాజిటివ్, అందుకని ఇంట్లో ప్రయోగాలు వద్దని ఆసుపత్రిలో వాళ్ల కళ్లముందే తినిపించారు. మొదట గోరంత ముక్క, కాసేపు ఆగి ఇంకొంచెం, అలా ఒక వాటా పూర్తయ్యేదాకా. బీపీ చూస్తూ, చర్మం చూస్తూ కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు. ఉప్పూ కారం లేని ఉడికించిన రొయ్యలని అంత ఆనందంగా తిన్న మనిషిని వాళ్లు చూసి ఉండరు.

ఇదే పని అలర్జీ నిజంగా ఉన్నవాళ్లు ఇంట్లో చేస్తే ప్రాణం మీదికొస్తుంది. దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, వాంతులు, కళ్లు తిరగడం కనబడితే అది అనఫిలాక్సిస్. మొదట పడాల్సింది తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజక్షన్, అవిల్ తర్వాత. 108కి ఫోన్ చేసి, మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి, ఆయాసం ఎక్కువుంటే కూర్చోనివ్వాలి, నడిపించకూడదు.

అలర్జీలా కనబడే ఇంకోటి ఉంది, వైజాగ్‌లో ఉన్నవాళ్లకి తెలియాలి. మా మరిది వాళ్లింట్లో ఒకసారి కానాగంతల పులుసు తిన్నవాళ్లందరికీ అరగంటలో ముఖాలు ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు. అంతమందికి ఒకేసారి అలర్జీ ఎలా వస్తుంది? కానాగంత, ట్యూనా లాంటి చేపల్ని ఐసు లేకుండా ఎండలో ఉంచితే బ్యాక్టీరియా వాటిలో హిస్టమిన్ తయారుచేస్తుంది. ఉడికించినా అది పోదు. తప్పు చేప జాతిది కాదు, ఐసుది. ఈ సంగతి తెలియక "నాకు చేప పడదు" అని జన్మంతా మానేసినవాళ్లు ఎందరుంటారో.

మా ఊళ్లో అక్టోబరు వచ్చిందంటే ఏడాకుల చెట్టు మీద చర్చ మొదలవుతుంది. 2014 హుద్‌హుద్ తుపానులో చెట్లన్నీ పోయాక నగరంలో ఈ చెట్టు విరివిగా నాటారు. అక్టోబరు, నవంబరు రాత్రుళ్లు పూల వాసన వీధంతా కమ్ముకుంటుంది, కొందరికి తలనొప్పి, ఆయాసం. నాకూ ఆ వాసనకి ముక్కు మండుతుంది. అలర్జీ వేరు, ఘాటుకి ముక్కు రేగడం వేరని మేడమ్ అంటారు. వన్‌టౌన్ వైపు ఆరేసిన బట్టల మీద వాలే నల్లటి బొగ్గు దుమ్ముదీ అదే కథ. బొగ్గుకి ఐజీఈ పుట్టదు, అప్పటికే వాచిన ముక్కుని, ఊపిరితిత్తుల్ని ఇంకా రేపుతుంది. బాధపడేవాడికి ఈ తేడాతో పనేముంది అనిపిస్తుంది గానీ, మందు మారిపోతుంది కాబట్టి పని ఉంది.

మృగశిర కార్తెకి హైదరాబాద్ చేప ప్రసాదానికి తీసుకెళ్తానని అత్తయ్య ఇప్పటికీ అంటున్నారు. బతికున్న చేపని మింగే ధైర్యం నాకు లేదు.

చివరగా మేడమ్ చెప్పింది ఇమ్యునోథెరపీ. పడని పదార్థాన్నే చిన్న మోతాదులతో మొదలుపెట్టి శరీరానికి అలవాటు చేయడం. లండన్‌లో లెనార్డ్ నూన్ 1911లోనే గడ్డి పుప్పొడితో చేసి చూశాడు, మందులతో లక్షణాలు అణిచిపెట్టడం కాకుండా రోగం దారి మార్చే వైద్యం ఇదొక్కటే. చర్మం కింద ఇంజక్షన్లు ఒక పద్ధతి. మొదట్లో తరచుగా, తర్వాత నెలకోసారి, ప్రతిసారీ అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి. నాలుక కింద వేసుకునే చుక్కలు రెండో పద్ధతి. ఏదైనా కనీసం మూడేళ్లు. ఆస్తమా అదుపులో లేనివాళ్లకి మొదలుపెట్టరు, అందుకే నాతో ముందు గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తులు చూశారు. ఖర్చు తక్కువ కాదు, ఎంతమందికి ఎంత గుణం ఇస్తుందో ముందుగా చెప్పలేరు. దుమ్ము పురుగు ఒక్కటే ప్రధాన కారణం కావడం నాకు కలిసొచ్చే విషయమట. పది రకాలు పడనివాళ్లకి ఇంత స్పష్టంగా మందు ఎంచలేరు.

నేను చుక్కలు ఎంచుకున్నాను. మొదటి మోతాదు క్లినిక్‌లో వేశారు, నాలుక కింద దురద పెట్టి తగ్గిపోయింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇంట్లోనే. ఏడాది వాడినా తేడా తెలియకపోతే ఆపేద్దామని మేడమ్ ముందే ఒప్పందం చేసుకున్నారు, ఆ మాట నాకు నచ్చింది. స్ప్రే ఇంకా మానలేదు. ఈ చలికాలం దాటాక మోతాదు తగ్గించాలో లేదో చూస్తారు.